గడి తప్పని అక్షరం

పోయిన ఆదివారం పొద్దున్నే ఒక పెద్దాయన శుభలేఖ ప్రూఫు చూసుకుందామని మా షాపుకొచ్చాడు. తంగెళ్లమూడి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చేతిలో నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం, మొహం నిండా ఆడపిల్ల పెళ్లి హడావుడి. "ఐదు నిమిషాలండీ, కూర్చోండి" అని స్టూలు చూపించి, మా అబ్బాయి కొనిచ్చిన కొత్త కంప్యూటర్ ఆన్ చేశాను.

తెర నిండా నీలం రంగు, మధ్యలో ఒక పలకరింపు. మీ కంప్యూటర్‌ని ఇంకా బాగా అమర్చుకుందామా అని ఇంగ్లీషులో అడుగుతోంది. కింద రెండే బొత్తాలు. ఒకటి 'సరే', రెండోది 'మూడు రోజులాగి మళ్లీ అడుగు'. 'వద్దు' అనేది వెతికినా లేదు. వినాయక చవితి చందాకొచ్చే కుర్రాళ్లు కూడా వద్దంటే నసుక్కుంటూ పక్క షాపుకి పోతారు. ఇది పోదు. సరే, రెండోది నొక్కాను. పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను. అది చాలదు, మీరు మీరేనని తేలాలి, ఫోనుకి నంబరు పంపించాం, అది కొట్టమంది. ఆ ఫోను మా అబ్బాయిది. వాడుండేది మియాపూర్‌లో. ఆదివారం పూట తొమ్మిదింటికి గానీ లేవడు.

నా షాపులో, నా కుర్చీలో కూర్చున్నది నేనేనని చెప్పడానికి హైదరాబాదులో నిద్రపోతున్నవాణ్ణి లేపాల్సొచ్చింది. పెద్దాయన టీ తాగొస్తానని లేచి వెళ్లాడు.

ఏ కంపెనీ సిస్టమండీ అని అడక్కండి. అన్నీ ఆ తానులో ముక్కలే.

నేను 1978లో, మీసం సరిగ్గా రాని వయసులో, ఏలూరు రామచంద్రరావుపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. అప్పట్లో కంపోజింగంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడంచేతిలో ఉన్న స్టిక్కులో తిరగేసి పేర్చడం. అక్షరాలుండే గళ్ల పెట్టెని కేసు అనేవాళ్లం. ఇంగ్లీషువాడికి చిన్నవీ పెద్దవీ కలిపినా యాభై రెండు అక్షరాలతో సరిపోతుంది. మనకి అచ్చులు, హల్లులు, గుడులు, కొమ్ములు, ఏత్వాలు, కింద తగిలించే వత్తులు, ఇవి చాలక 'శ్రీ' లాంటివి విడిగా పోత పోసినవి. ఎదురుగా కేసు, కుడి పక్కన కేసు, ఎడం పక్కన కేసు. మధ్యలో నిలబడి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేతులు ఆడించడమే.

చెయ్యి తిరగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తిరిగాక మాత్రం కళ్లు రాతప్రతి మీదే ఉండేవి, చెయ్యి దాని దారిన అది పోయేది. 'క'కి మోచెయ్యి ఇంత కదిలితే చాలు, 'ళ'కి భుజం సాగాలి. కరెంటు పోతే లాంతరు తెచ్చి రాతప్రతి దగ్గర పెట్టేవాళ్లం. కేసు దగ్గర దీపం ఎవరికీ అక్కర్లేదు.

అచ్చయిపోయాక అక్షరాల్ని కిరసనాయిలుతో కడిగి, మళ్లీ దేని గడిలో దాన్ని వెయ్యాలి. డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్లం ఆ పనిని. కొత్తవాడికి ముందు అప్పగించేది అదే. ఓసారి నేను నిద్రమత్తులో 'ష' గడిలో నాలుగు 'ప'లు పడేశాను. మర్నాడు మా ఫోర్‌మన్ గారి చేతికి అవే వచ్చాయి. "వేసింది నీ చెయ్యి, తప్పు అచ్చయ్యేది నా చేత్తోనట్రా?" అని ఇనప స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చారు. పదహారేళ్లు ఆ ప్రెస్సులో ఉన్నాను. ఓనర్లు మారారు, అచ్చేసే ట్రెడిల్ మారింది, కాగితం ధర ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. ఎవడో రాత్రికి రాత్రి వచ్చి, కేసు చూడ్డానికి పాతగా ఉందని, 'క' గడిని పట్టుకెళ్లి 'ళ' పక్కన పెట్టి పోవడమనేది మాత్రం ఒక్కనాడూ జరగలేదు.

1994లో ప్రెస్సు ఎత్తేశారు. సీసం కేజీల లెక్కన పోయింది. ఒక కేసు నేను ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ అందులో గుండీలు, హుక్కులు, సూదులు, పిన్నీసులు సర్దుకుంది. ఇప్పటికీ కరెంటు లేకపోయినా చీర హుక్కు ఏ గడిలో ఉందో తడుముకోకుండా తీస్తుంది.

ఆ ఏడే ఆవిడ గాజులు తాకట్టు పెట్టి, పవర్‌పేట స్టేషన్ దగ్గర ఎనిమిదడుగుల గదిలో 486 కంప్యూటర్ ఒకటి పెట్టాను. ఆన్ చేస్తే టిక్కుటిక్కుమని మెమరీ లెక్కపెట్టుకుని, నల్లతెర మీద సీ కోలన్ చూపించి, ఇక చెప్పు అన్నట్టు ఆగేది. విండోస్ 3.1, దాని మీద పేజీలు కట్టే పేజ్‌మేకర్. నేను పని చెప్పేదాకా నోరు మెదిపేది కాదు. ఆ మౌనం విలువ అప్పుడు తెలియలేదు.

అప్పుడంతా సుఖమేనని చెబితే కళ్లు పోతాయి. మా ఏలూరి గాలికి, కొల్లేటి తడికి ఫ్లాపీలు బూజు పట్టేవి. పది లైన్లకోసారి కంట్రోల్ ఎస్ కొట్టకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఏడుపే. ఎవరి ఫ్లాపీ పెట్టినా వైరస్. ఒక కవిగారి ఖండకావ్యం అరవై పేజీలు కంపోజు చేశాక ఫ్లాపీతో పాటే కాలం చేసింది. ఆయన పాపం గుర్తు తెచ్చుకుని మళ్లీ రాశాడు. మొదటిదే బాగుండేదని ఇద్దరం ఒప్పుకున్నాం. కానీ అవన్నీ చెడిపోవడాలు. చెరువు మీద మోటారు కాలినట్టు, బండి టైరు పంక్చరైనట్టు. బాగు చేయించుకుంటే మళ్లీ పాత మోటారే, పాత టైరే. శుభ్రంగా నడుస్తున్నదాన్ని పనిగట్టుకుని మార్చి, ఇదే బాగుంది అలవాటు చేసుకో అనడం అప్పటికింకా మొదలవలేదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. మా గదిలోకి వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టిందనుకోండి. ఎడం పక్క అడుగు మూలన 'స్టార్ట్' అని ఒక బొత్తం. కంప్యూటర్ ఆపాలన్నా ఆ 'స్టార్ట్' బొత్తమే నొక్కాలని లోకమంతా నవ్వింది. నాకేం నవ్వు రాలేదు. మా ఇంటి వీధి తలుపు లోపలికి రావడానికీ అదే, బయటికి పోవడానికీ అదే. పైగా మూలన ఉండటంలో ఒక సుఖముంది. మౌసుని చూడకుండా మూలకి విసిరితే చాలు, సరిగ్గా వెళ్లి దాని దగ్గర ఆగుతుంది. కేసు దగ్గర చెయ్యి పోయినట్టే. బొత్తమంటే బొత్తంలా ఉబ్బెత్తుగా ఉండేది, నొక్కితే నీడ మారి లోపలికి దిగినట్టుండేది. పక్కనున్న స్క్రోల్‌బార్ బొటనవేలంత.

2002లో మా పశ్చిమ గోదావరి జిల్లాలో పల్లెలకి ఈ-సేవా కేంద్రాలు వచ్చాయి. వాటిని నడపడానికి పొదుపు సంఘాల ఆడవాళ్లని దించారు. భీమడోలు దగ్గరి పల్లె నుంచి ఒకావిడ మౌసు పట్టుకోవడం నేర్చుకుందామని మా షాపుకొచ్చేది. పదో తరగతి చదివింది. మొదట్లో మౌసు కింద చాప పరిచినట్టు రుమాలు పరుచుకునేది. ఒక నలభై పేజీల నోటుబుక్కులో అన్నీ రాసుకుంది: ఎడం మూల బొత్తం, అందులో పైనుంచి మూడోది, పక్కకి జరిగితే రెండోది. పక్కన పెన్సిలుతో బొమ్మలు. ప్రింటర్ బొమ్మ వేసి దానికి కుంకం బొట్టు కూడా పెట్టింది, ఆయుధపూజ నాడు కాబోలు. ఆ నోటుబుక్కుతో ఏడేళ్లు పని చేసుకుంది. కరెంటు బిల్లు కట్టేవాళ్లు వరస కట్టి నిలబడితే ఆవిడ చెయ్యి తడబడేది కాదు. పోయినేడు మళ్లీ కనిపించి, "ఏమండీ మాస్టారూ, ఇప్పుడు రాసుకుంటే ఎన్నాళ్లొస్తుందంటారు?" అంది. నేనేం చెప్పను! నెలకోసారి చింపుకునే నోటుబుక్కు ఎవరమ్ముతారు?

ఎందుకంటే 2012 అక్టోబరు 26న విండోస్ 8లో ఆ మూల బొత్తాన్నే తీసేశారు. వేలితో తాకే తెరల కోసం వేసిన రంగుల పలకల ముగ్గుని మౌసు పట్టుకున్నవాడి నెత్తిన కూడా వేశారు. జనం గగ్గోలు పెడితే ఏడాది తిరక్కుండా 8.1లో బొత్తాన్ని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టారు. పోనీలే బుద్ధొచ్చిందనుకుంటే, 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు దాన్ని తెర అడుగున మధ్యకి ఈడ్చారు. విసిరితే తగలదు, చూసి గురిపెట్టాలి. కుడిబొత్తం నొక్కితే వచ్చే పట్టీలో కట్, కాపీ అన్న మాటలు పోయి చీమల్లాంటి బొమ్మలొచ్చాయి. నాకు కావలసినవన్నీ 'ఇంకా చూపించు' అనే తెర వెనక్కి పోయాయి. ఒకప్పుడు అడుగునున్న టాస్క్‌బార్‌ని ఎడం పక్కకో పైకో లాక్కునే వీలుండేది, విండోస్ 11 వచ్చినప్పుడు అదీ లేకుండా పోయింది.

ఇదొక్క కంపెనీ జబ్బు కాదు. 2011లో యాపిల్ వాళ్లు లయన్ అని ఒకటి తెచ్చి, మౌసు చక్రం తిప్పే దిక్కునే తలకిందులు చేశారు. అదే సహజమన్నారు. అప్పటిదాకా లోకమంతా అసహజంగా తిప్పిందన్నమాట! ఉచితంగా వచ్చే ఉబుంటూ వాళ్లు 2010లో కిటికీ మూసే బొత్తాల్ని కుడి నుంచి ఎడమకి మార్చారు. 2011లో అలాగే ఉచితంగా ఇచ్చే గ్నోమ్ వాళ్లు కిటికీని కిందికి దించే బొత్తం ఎవరికీ అక్కర్లేదని తీసేశారు. డబ్బు పుచ్చుకునేవాడూ అంతే, ఉచితంగా పంచేవాడూ అంతే.

మా జిల్లా సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాని విడదీశారు. ఏలూరు ఒక జిల్లా అయింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లాలోకి పోయింది. అవతల కృష్ణా జిల్లాలో ఉండే కైకలూరు వచ్చి మాలో కలిసింది. దాంతో కొల్లేటి చుట్టూ ఎన్ని లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు, బిల్లు పుస్తకాలు మార్చి వేశానో! నాలుగు డబ్బులొచ్చాయి కాబట్టి ఆ మార్పుని నేను తిట్టను. కానీ దానికి ముందు జనవరిలో గెజిట్‌లో వేశారు, అభ్యంతరాలుంటే చెప్పుకోండని ముప్ఫై రోజులు గడువిచ్చారు. గోడ మీద కాగితం అంటించారు, జనం చదివి తిట్టుకున్నారు, అర్జీలు పెట్టుకున్నారు. రాష్ట్రాన్ని నడిపేవాడికున్న ఆ పాటి మర్యాద కంప్యూటర్‌ని నడిపేవాడికి లేదు. రాత్రి పడుకున్నప్పుడు ఒకలా ఉంటుంది, తెల్లారి చూస్తే ఇంకోలా.

ఇక రంగుల గురించి. బూడిదరంగు కాగితం మీద బూడిదరంగు అక్షరాలు వేసే సరదా ఎవరికి పుట్టిందో గానీ, వాడు జన్మలో ఒక్క కరపత్రం కూడా అచ్చు వేసి ఉండడు. అలా వేసి ఇస్తే మా కస్టమర్లు "ఏమండీ, సిరా అయిపోయిందా?" అని కట్టలు వెనక్కి తెస్తారు. నాకు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. తెర మీద ఏది బొత్తమో, ఏది ఉత్త మాటో వేలు పెట్టి తడిమి చూసుకోవాలనిపిస్తుంది. స్క్రోల్‌బార్ వెంట్రుకంత అయింది. అదీ మౌసు దగ్గరికి పోతేనే బయటికొస్తుంది, నీళ్లలో కాలు పెడితే పారిపోయే జలగలా.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి, అది మా పొట్టకూడు. యూనికోడ్ పట్టికలో తెలుక్కి 1991లోనే చోటిచ్చారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా పెట్టారు. (గోదావరి పాయల్లో మా వైపు పారేది వసిష్ఠ. గౌతమి అవతలి పాయ. పెట్టినవాణ్ణి దీనికి క్షమించాను.) అయితే తెలుగు సరిగ్గా కనబడాలంటే సెట్టింగుల్లోకి పోయి, సంక్లిష్ట లిపులు అనే చోట టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. ఆ సీడీ ఎవడి దగ్గరుంటుందండీ? అప్పట్లో ఏలూరంతా కలిపి ఒకటో రెండో ఉండేవి, పెళ్లిళ్లకి గుండిగలు తిరిగినట్టు తిరిగేవి.

మేం డీటీపీవాళ్లం ఆ గొడవలో పడకుండా పేజ్‌మేకర్, 'అను' ఫాంట్లతో బండి లాగించాం. అందులో ఒక మోసం ఉంది, చెప్పాలి. ఆ ఫాంట్లలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. అయినా యాపిల్ కీబోర్డు అని మేం పిలుచుకునే ఆ అమరిక మా వేళ్లకి కేసంత అలవాటైంది. పేజ్‌మేకర్ 7తో ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలియకుండానే కాలం తీరింది. ఇప్పుడు కొత్త సిస్టంతో పాటు వచ్చే తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. 2019 నుంచి ఇంగ్లీషులో కొడితే తెలుగయ్యేది కూడా ఇస్తున్నారు. రెండూ మంచివే కావచ్చు. నాకు మళ్లీ ఆరు నెలలు కావాలి, వేళ్ల మీద కొట్టే ఫోర్‌మన్ గారు కావాలి. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది.

మెనూలన్నీ తెలుగులోనే ఉండే సిస్టం కూడా ఓసారి చూశాను. తెలుగు మీద అభిమానంతో కుర్రాళ్లు కష్టపడి చేసింది, వాళ్లకి దండం పెట్టాలి. కానీ ఫైల్ అనే చోట 'దస్త్రం' అని ఉంది. దస్త్రమంటే కరణంగారి చంకలో ఉండేది, మా తాతగారు దాన్ని చూస్తే జంకేవారు. అలాంటివి ఇంకో పది తగిలాక, జీవితమంతా తెలుగు అచ్చు వేసి బతికినవాణ్ణి, సిగ్గు లేకుండా ఇంగ్లీషులోకి మార్చుకున్నాను.

కొత్త కంప్యూటర్ చేసిన ఇంకో ఘనకార్యం వినండి. డెస్క్‌టాప్ మీద నేను పెట్టుకున్న ఫైళ్లన్నిటినీ నాకు తెలియకుండా ఆన్‌లైన్లోకి ఎక్కించింది. అటకెక్కించడమంటే ఇదే. నా బల్ల మీది కాగితాలు అటక మీద పెట్టి, అటక నిండింది, ఇంకా చోటు కావాలంటే నెలనెలా అద్దె కట్టమంది. ఒళ్లు మండి అటక మీదివి చెరిపేశాను. బల్ల మీదివీ పోయాయి. నలభై పెళ్లిళ్ల శుభలేఖలు! ఆ పెళ్లిళ్లన్నీ అయిపోయాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎవరి ముహూర్తానికి ఎవరి పేరు వేసేవాణ్ణో.

అయినా నావి కాగితం ముక్కలు. చేపల సంగతి చెబుతాను.

మా మేనల్లుడికి ఆకివీడు వైపు చెరువులున్నాయి. రెండేళ్ల కిందట పట్టుబడి ఉందంటే చూద్దామని వెళ్లాను. తెల్లవారుజామున వల లాగారు. బొచ్చె, శీలావతి, పెట్టెల్లో ఐసు కొట్టి సర్ది, ఎనిమిదింటికల్లా లారీ ఎక్కించారు. లారీ హౌరా పోవాలి. దారిలో కాటా దగ్గర తూకం వేయించి స్లిప్పు తీసుకోవాలి. లారీ కాటా ఎక్కింది. గదిలో కుర్రాడు కంప్యూటర్ వైపు చూసి, "ఒక్క నిమిషమండీ" అన్నాడు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్‌డేట్లు జరుగుతున్నాయి, 27 శాతం, కంప్యూటర్ ఆపవద్దు. ఆ కుర్రాడు చేసిన తప్పల్లా పొద్దున్నే దాన్ని ఆన్ చెయ్యడం.

పావుగంటకి 31 అయింది. లారీ కింద నుంచి ఐసు నీళ్లు కారడం మొదలైంది, కాటా ఇనప పలక మీద నుంచి రోడ్డు దాకా ఒక చార. వెనక ఇంకో మూడు లారీలు హారన్లు. బెంగాలీ డ్రైవరు దిగి వచ్చి గదిలోకి తొంగిచూసి, ఏదో అని, బీడీ వెలిగించుకుని పోయాడు. 64 దగ్గర అరగంట ఆగింది. అన్నిటికన్నా చిత్రమేమిటంటే, బల్ల మీద కాటా తాలూకు చిన్న డబ్బా ఉంది, దాని మీద ఎర్ర అంకెలు బరువు చూపిస్తూనే ఉన్నాయి. కాటా తన పని తాను చేస్తోంది. చేపలున్నాయి, బరువుంది, చూసేవాళ్లున్నారు. రాయడానికి మాత్రం కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు. చివరికి మా మేనల్లుడు విసిగిపోయి, "ఒరేయ్ తమ్ముడూ, ఆ అంకెలు చూసి కాగితం మీద రాసి స్టాంపు కొట్టరా" అన్నాడు. కుర్రాడు క్యాలెండర్ కాగితం చింపి వెనక రాశాడు. లారీ కదిలింది. ఐసు రెండు బ్లాకులు అదనంగా కొట్టించాల్సొచ్చింది, అది మా వాడి ఖాతా.

ఆ తర్వాత 2024 జులై 19న ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారని పేపర్లో చదివి, మా మేనల్లుడికి ఫోను చేసి చెప్పాను. "అయితే మన క్యాలెండర్ కాగితం విమానాల దాకా పోయిందన్నమాట మావయ్యా" అన్నాడు.

మా చెల్లెలి మనవడు తాడేపల్లిగూడెం నిట్‌లో కంప్యూటర్లే చదువుతున్నాడు. శనివారం సాయంత్రం పాసింజరెక్కి వచ్చి, పెసరట్టు తిని, నాతో వాదం పెట్టుకుంటాడు. వాడి వాదం కొట్టిపారేసేది కాదు. "తాతయ్యా, 2017 మే నెలలో వానాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా? పాత సిస్టంలని అప్‌డేట్ చెయ్యకపోబట్టే కదా ఊరూరా పడిపోయాయి. మన ఆంధ్రా పోలీసు స్టేషన్లలో కంప్యూటర్లు కూడా పడ్డాయి" అన్నాడు. నిజమే. దొంగలు ముదిరినప్పుడు తాళం మార్చాలి, ఎవరొద్దన్నారు? తాళం మార్చడానికొచ్చినవాడు వంటింట్లోకి పోయి పోపుల పెట్టె ఎందుకు సర్దుతున్నాడు? నా ప్రశ్న అదొక్కటే. దానికి వాడు ఇంకో పెసరట్టు అడుగుతాడు గానీ జవాబు చెప్పడు.

మా గూడెం మనవడే నాకు ఇంకో సంగతి చెప్పాడు, అది విని మాత్రం రెండు రోజులు నవ్వుకున్నాను. 2018 ఫిబ్రవరిలో యాపిల్ ఫోన్లకీ, మాక్ కంప్యూటర్లకీ 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక తీరులో పంపిస్తే చాలు, దాన్ని చూపించబోయిన ప్రోగ్రాం అక్కడికక్కడే కుప్పకూలేదట. ఫిబ్రవరి 19న మందు పంపించి బాగు చేశారు. చూశారా, జ్ఞానంలో మొదటి అక్షరం మోయలేకపోయాయి! మా కేసులో 'జ' ఒక గడి, 'ఞ' వత్తు ఒక గడి. పదహారేళ్లలో వేల 'జ్ఞా'లు కూర్చాను. ఒక్కసారీ కేసు కిందపడలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాయం ఆపేశారు. 11కి పోవాలంటే టీపీఎం 2.0 అనే చిప్పుండాలి, ప్రాసెసర్ ఫలానా తరం దాటి ఉండాలి. ఏలూరు, గూడెం, కైకలూరు, ఎక్కడ చూసినా శుభ్రంగా నడుస్తున్న కంప్యూటర్లని పనికిరావని అటకెక్కిస్తున్నారు. (ఈసారి నిజం అటకే.) వాటికి కళ్లు మసకబారలేదు, చేతులు వణకడం లేదు. నాకు ఆ రెండూ ఉన్నా ఎవరూ నన్ను మార్చెయ్యలేదు.

తంగెళ్లమూడి పెద్దాయన టీ తాగి తిరిగొచ్చేసరికి మా అబ్బాయి ఇంకా ఫోను ఎత్తలేదు. నేను లేచి, మూలన గోనెసంచి తీసి, నా పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ చేశాను. దానికి నెట్టు లేదు కాబట్టి దొంగలు రారు, పలకరింపులూ రావు. ఎడం మూల బొత్తం నొక్కాను, పేజ్‌మేకర్ తెరిచాను, వధువు పేరు కొట్టాను. పెద్దాయన ప్రూఫు చూసుకుని, ఇంటిపేరులో ఒక వత్తు దిద్దించుకుని, బయానా ఇచ్చి వెళ్లాడు. ఏడు నిమిషాలు పట్టింది. ఐదన్నాను, రెండు నిమిషాలు నా మోకాళ్లవి.

ఆ పాతదానికీ ఒక ఇబ్బంది వచ్చింది. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు నాలుగు ఉబ్బాయి, ఎండాకాలం దాటదని మెకానిక్ తేల్చేశాడు. దాంట్లో ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్‌కి తాళం ఒకటుంది, వెనక పాతకాలం ప్రింటర్ పోర్టుకి తగిలించేది. కొత్త బోర్డుల్లో ఆ పోర్టే రావడం లేదు. ఎవరి ఇంట్లోనైనా ప్రింటర్ పోర్టున్న పాత మదర్‌బోర్డు పడి ఉంటే, పాతసామాన్ల వాడికి వెయ్యకండి. పవర్‌పేట స్టేషన్ దగ్గర శుభలేఖల షాపని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ధర మీరే చెప్పండి, బేరం ఆడను. మాఘమాసం ముహూర్తాలకి ముందే తెస్తే మీ ఇంట్లో పెళ్లికి వంద కార్డులు ఉచితం.